రాత్రి ఎనిమిది దాటాక

భోజనాలయిపోయాయి. అరుగు మీద నులకమంచం వాల్చుకుని ఇంటి పెద్దాయన అప్పుడప్పుడే కునుకు తీస్తున్నాడు. వీధి చివర టార్చిలైటు వెలుగు కదిలింది. ఇద్దరు మనుషులు. ఒకరి చేతిలో గాజు పలకల పెట్టె, ఇంకొకరి చంకలో రిజిస్టరు. ‘‘పైలేరియా వాళ్ళమండీ. వేలి మీద చిన్న సూదిపోటు, అంతేనండి.’’ పెద్దాయనకి చిర్రెత్తుకొచ్చింది. ‘‘పగలంతా ఏం చేస్తున్నారయ్యా? పడుకున్నవాణ్ణి లేపి రక్తం తీయడమేంటి?’’

భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు ఇలాంటి మాటలు ఎన్ని అరుగుల మీద నడిచాయో లెక్కలేదు. రాత్రి ఎనిమిది దాటాక మొదలెట్టి అర్ధరాత్రి దాకా ఇల్లిల్లూ తిరిగేవాళ్ళు. నిద్రపోయిన పిల్లల్ని తల్లులు లేపనిచ్చేవారు కాదు. సెకండ్ షోకి పోయినవాళ్ళ పేర్ల ఎదురుగా రిజిస్టరులో గడి ఖాళీగా ఉండిపోయేది. రక్తం అమ్ముకుంటున్నారని ఒకరు, కుటుంబ నియంత్రణకి పేర్లు రాసుకుంటున్నారని ఒకరు పుకారు లేపితే ఆ వీధికి ఆ రాత్రి పని గోవిందా.

పెద్దాయన అడిగింది మాత్రం న్యాయమైన ప్రశ్నే. రాత్రే ఎందుకు? భీమవరం బోదకాలు కథంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు జబ్బు సంగతి. ఉన్నట్టుండి గజ్జల్లో బిళ్ళ కడుతుంది. చలి, వణుకు, దుప్పట్లు కప్పినా ఆగని జ్వరం. కాలి మీద ఎర్రటి చార పాకుతుంది. నాలుగైదు రోజులకి తగ్గిపోతుంది. కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది. అమావాస్యకో పున్నానికో తిరగబెడుతుందని ఊళ్ళో అనేవారు. అలా వచ్చిపోయే జ్వరం ఒక్కోసారి కొంత వాపుని వదిలి వెళ్తుంది. ఏళ్ళు గడిచేసరికి పాదానికీ చీలమండకీ మధ్య గీత చెరిగిపోతుంది. చర్మం మొద్దుబారి, మడతలు పడి, కాలు స్తంభంలా తయారవుతుంది. మగవాళ్ళలో వరిబీజం. దాని మోటు పేరు ‘బుడ్డ’ ఊళ్ళో వేళాకోళాలకి పనికొచ్చేది గానీ, పంచె కింద మోసేవాడికి అది నవ్వులాట కాదు. ఆడపిల్ల కాలు కాస్త లావెక్కితే సంబంధాలు వెనక్కిపోయేవి. ప్రాణం తీయదు కాబట్టి ఈ జబ్బు మీద కలరాకున్న భయం ఎవరికీ లేదు. మనిషిని చంపకుండా ముప్పై నలభై ఏళ్ళు కూర్చోబెట్టే జబ్బుకి లెక్కల్లో ఎప్పుడూ చిన్నచూపే.

మన వైద్య గ్రంథాలకి ఇది కొత్త కాదు. సుశ్రుత సంహిత దీన్ని శ్లీపదం అంది. పాత నీరు నిలిచిపోయి, అన్ని ఋతువుల్లోనూ చల్లగా ఉండే ప్రాంతాల్లో ఎక్కువగా పుడుతుందని కూడా చెప్పింది. దోమ ఊసు లేదు, పురుగు ఊసు లేదు. అయినా చిరునామా సరిగ్గా రాసింది. ఆ వర్ణన పట్టుకుని బయల్దేరినవాడు గోదావరి డెల్టాలో ఆగక మానడు.

ఇక్కడ నీరు ఊరికే నిలవలేదు, మనిషి తెచ్చాడు. 1830ల కరువుల్లో గోదావరి పక్కనే ఉండి కూడా జనం ఆకలితో పోయారు. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ 1847లో మొదలెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలవలు, లాకులు, చేలగట్ల వెంట పంట బోదెలు పుట్టుకొచ్చాయి. మెట్ట పంటల నేల వరిచేలైంది. కాటన్ విగ్రహం లేని ఊరు డెల్టాలో అరుదు, ఉండడం ధర్మమే. కానీ బల్లపరుపు నేలకి నీళ్ళు తెచ్చినంత తేలిగ్గా బయటికి పంపడం కుదరదు. పైనుంచి వచ్చిన నీరంతా భీమవరం చుట్టూ ఉన్న పల్లంలోకి దిగి, సముద్రం వైపు మెల్లగా జారాలి. ఊరిని ఆనుకునే యనమదుర్రు డ్రెయిను. పోటు వేళ సముద్రం ఎదురు తన్నితే మురుగు ఉన్నచోటే నిలబడుతుంది. ఈ మురుగు బాధ ఎంతదంటే 1964 ముంపు తర్వాత మిత్రా కమిటీ వేశారు, 1968లో కృష్ణా గోదావరి డెల్టాల కోసం ప్రత్యేకంగా డ్రైనేజీ సెస్సు చట్టం తెచ్చారు. నీళ్ళు వచ్చినందుకు ఒక పన్ను, పోవడానికి ఇంకో పన్ను. డెల్టా రైతు రెండూ కట్టాడు.

చేలల్లో నీరు పారించేది పంట బోదె. అరటిచెట్టు కాండం అరటిబోదె. కాలికొచ్చింది బోద. ఈ మాటల పుట్టుక నిఘంటువులు చూసుకుంటాయి గానీ, డెల్టా మనిషి చెవికి మాత్రం ఇవన్నీ ఒక ఇంటి మాటల్లాగే వినపడతాయి.

ఇక రాత్రి సంగతి. కలకత్తాలో 1872లో తిమోతీ లూయిస్ అనే సైనిక వైద్యుడు మనిషి రక్తంలో కదులుతున్న సన్నటి పురుగు పిల్లల్ని చూశాడు. పెద్ద పురుగుని 1876లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జోసెఫ్ బాంక్రాఫ్ట్ పట్టుకున్నాడు. అందుకే దాని పేరు ఉకరేరియా బాంక్రాఫ్టి. దారం పోగులా ఉండే ఆడపురుగు ఎనిమిది, పది సెంటీమీటర్లుంటుంది. కాలి వాపు దాని లావు వల్ల కాదు, అది మన శోషరస నాళాల్లో కాపురం పెట్టి దారి పాడుచేయడం వల్ల. అక్కడ కూర్చుని కొన్నేళ్ళపాటు లక్షల కొద్దీ పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. ఆ పిల్లలే మైక్రోఫైలేరియా.

అవి మనిషి నుంచి మనిషికి ఎలా పోతాయి? చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్‌కి ఈ ప్రశ్న పట్టుకుంది. 1877లో ఆయన ఒక పని చేశాడు. రక్తంలో పురుగులున్న తన తోటమాలి హిన్ లోని ఒక గదిలో పడుకోబెట్టాడు. దీపం వెలిగించి, తలుపు తెరిచి ఉంచి, దోమలు నిండాక తలుపు మూయించాడు. పొద్దున్నే గోడల మీద రక్తంతో పొట్టలు ఉబ్బి కూర్చున్న దోమల్ని పట్టించి, చీల్చి చూశాడు. పురుగు పిల్లలు దోమ పొట్టలో చావలేదు సరికదా, పెరుగుతున్నాయి. దోమ జబ్బుని మోయగలదని మొదటిసారి తేలింది ఆ తోటమాలి నిద్ర ఖరీదుతోనే. హైదరాబాదు వాళ్ళకి రొనాల్డ్ రాస్ కథ బాగా తెలుసు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్న రాస్‌కి ఆ ఆలోచన ఎక్కించింది ఈ మాన్సనే.

మాన్సన్ కనిపెట్టిన రెండో సంగతి మన పెద్దాయనకి జవాబు. రోజంతా గంటగంటకీ రక్తం తీయించి చూస్తే, పగలు ఒక్క పురుగూ లేదు. పొద్దుగూకాక ఒకటీ అరా మొదలై, అర్ధరాత్రికి గుంపులు. తెల్లారేసరికి మళ్ళీ మాయం. పగలు అవి ఊపిరితిత్తుల లోపలి రక్తనాళాల్లో దాక్కుంటాయి. వాటిని మోసే దోమ రాత్రి కుడుతుంది, అందుకని రాత్రే చర్మం దగ్గరికొస్తాయి. 1881లో లండన్‌లో స్టీఫెన్ మెకెంజీ ఒక రోగిని పగలు పడుకోబెట్టి రాత్రి మేల్కొలిపి చూశాడు. కొన్నాళ్ళకి పురుగులు కూడా వేళ మార్చుకున్నాయి! గడియారం వాటిది కాదు, మనిషి నిద్రది.

ఇంత చురుకైన మాన్సన్ ఒకచోట పప్పులో కాలేశాడు. రక్తం తాగిన దోమ నీళ్ళలో పడి చస్తుందనీ, ఆ నీళ్ళు తాగినవాడికి పురుగు ఎక్కుతుందనీ అనుకున్నాడు. 1900 దాకా అదే మాట చెల్లింది. ఆ ఏడాది జార్జ్ లో దోమ తొండంలోనే పురుగు పిల్లల్ని చూపించాక గానీ కుట్టుడే దారి అని ఖాయం కాలేదు.

అలా వచ్చింది భీమవరం వీధుల్లోకి ఆ టార్చిలైటు. పని చూడ్డానికి చిన్నది, చేయడానికి తగని ఓపిక కావాలి. ఎడమ చేతి ఉంగరపు వేలు తుడిచి, సూదితో గుచ్చి, ఇరవై ఘనపు మిల్లీమీటర్ల రక్తం గాజు పలక మీద మందంగా పూస్తారు. పలక అంచున నంబరు. రాత్రంతా ఆరాలి. ఇక్కడే ఆఫీసు పుస్తకాల్లో పెద్దగా కనపడని శత్రువులున్నారు, చీమలూ బొద్దింకలూ. మూత సరిగ్గా పెట్టకపోతే తెల్లారేసరికి పలకలు నాకేసి ఉంటాయి. ఊరంతా తిరిగిన తిరుగుడు బూడిదలో పోసిన పన్నీరు. మర్నాడు పలకని నీళ్ళలో ముంచి ఎరుపంతా పోగొట్టి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెడతారు. మిల్లీమీటరులో పావు వంతుకి కాస్త పైన ఉండే వంపుల పురుగు, చుట్టూ పల్చటి తొడుగుతో కనిపిస్తుంది. తోక చివర చూడాలి. చివరిదాకా చుక్కలు లేకుండా ఖాళీగా ఉంటే బాంక్రాఫ్టి. తోకలో రెండు చుక్కలుంటే దాని చుట్టం బ్రూజియా మలాయి, కేరళలో చేర్తల వైపు ఎక్కువగా ఉండే రకం. గోదావరి జిల్లాలది బాంక్రాఫ్టి.

పలకల వాళ్ళు ఇంటికి పోయి పడుకునే వేళకి మరొకాయన లేస్తాడు. ఆయన ఉద్యోగం పేరే ఇన్‌సెక్ట్ కలెక్టర్. ఊళ్ళో కలెక్టరు గారంటే అందరికీ వేరే ఆయన గుర్తుకొస్తాడు కాబట్టి ఆ పేరుతో ఎన్ని హాస్యాలాడి ఉంటారో ఊహించుకోవచ్చు. తెల్లవారుజామున టార్చి వేసుకుని ఇంట్లో మంచాల కింద, దండెం మీద బట్టల వెనక, వాసాల సందుల్లో కూర్చున్న దోమల్ని గాజు గొట్టంతో పీల్చి పట్టాలి. ఒక మనిషి గంటసేపట్లో ఎన్ని పట్టాడన్నదే ఆ ఊరి దోమల లెక్క. తర్వాత ఒక్కో దోమని ఉప్పునీటి చుక్కలో పెట్టి తల, ఛాతీ, పొట్ట విడివిడిగా విప్పాలి. పురుగు పిల్ల ఛాతీలో ఉంటే ఇంకా పెరుగుతోందని. తలలో, తొండంలో ఉంటే కుట్టడానికి సిద్ధంగా ఉన్నట్టు. దోమ రక్తం తాగిన నాటి నుంచి ఆ స్థితికి రావడానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. చాలా దోమలు అంతకాలం బతకవు. ఒక్క కుట్టుతో జబ్బు రాదు, ఏళ్ళ తరబడి వందల కుట్లు పడాలి. ఊళ్ళో పుట్టి పెరిగినవాడికే ఇది ఎక్కువ, చుట్టపుచూపుగా వచ్చినవాడికి తక్కువ.

ఈ విద్య నేర్పడానికి దేశంలో మూడుచోట్ల ప్రాంతీయ ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రాలు పెట్టారు. కాలికట్, వారణాసి, మూడోది మన రాజమండ్రి. శిక్షణకి వచ్చినవాళ్ళకి రోగుల్ని ఎక్కణ్ణుంచో తేవాల్సిన పనిలేదు, గోదావరికి ఇవతల, అవతల కావలసినన్ని ఊళ్ళు.

ఇప్పుడు భీమవరం కథలో అసలు మలుపు.

1895 జనవరి 12న ఈ ఊళ్ళో ఒక రెవెన్యూ ఉద్యోగి ఇంట యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. అప్పటికి భీమవరం గోదావరి జిల్లాలోది. 1904లో కృష్ణా జిల్లాలోకి పోయి, 1925లో పశ్చిమ గోదావరిలోకి వచ్చి, 2022 ఏప్రిల్ 4న తానే జిల్లా కేంద్రమైంది. కుర్రాడికి చదువు మీద శ్రద్ధ తక్కువ. కాశీలో యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయి దారిలోనే దొరికిపోయాడు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళినందుకు సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి కోపమొచ్చింది, ఎంబీబీఎస్‌కి బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే జబ్బు ఇద్దరు అన్నదమ్ముల్ని రోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. కొన్నాళ్ళు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పి, మామగారి ఆసరాతో అమెరికా ఓడెక్కాడు. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి 1925లో ఇచ్చాడు, ఆ తర్వాత కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పనిచేశాడు. అక్కడ స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పర్ల్ రివర్ అనే ఊళ్ళో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలకి వెళ్ళాడు.

భీమవరం వాడు కాబట్టి సొంత ఊరి బోదకాళ్ళు తల్చుకుని మందు చేశాడని చెప్పుకోవడం మనకి ఇష్టం. ఆ పరిశోధనని తోసిన చెయ్యి మాత్రం యుద్ధానిది. రెండో ప్రపంచ యుద్ధంలో సమోవా లాంటి పసిఫిక్ దీవులకి వెళ్ళిన అమెరికన్ సైనికులకి వేలమందికి గజ్జల్లో బిళ్ళలు, వాపులు వచ్చాయి. దీవుల్లో ఏనుగు కాళ్ళు కళ్ళారా చూసిన కుర్రాళ్ళు తమ గతీ ఇంతేనని బెంబేలెత్తిపోయారు. వాళ్ళని వెనక్కి పంపించాల్సి వచ్చింది. అమెరికాకి ఫైలేరియా మందు అవసరం అప్పుడు తెలిసింది. డెల్టాలో లక్షల కాళ్ళకి లేని తొందర కొన్ని వేల బూట్లకి వచ్చిందన్నమాట.

లెడర్లీలో సుబ్బారావు నడిపిన బృందం కాటన్ ర్యాట్ అనే అడవి ఎలుకల మీద పని మొదలెట్టింది. వాటికి సహజంగానే ఒక రకం ఫైలేరియా పురుగు ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటిగా రసాయనాలు పరీక్షించి, పైపరజీన్ జాతిలో ఒకదాని దగ్గర ఆగారు. రక్తంలో పురుగు పిల్లలు చకచకా మాయమయ్యాయి. ఎలుకల్లోనూ కుక్కల్లోనూ దాని పనితనం చూపిస్తూ 1947లో వెలువడిన పత్రం మీద రెజినాల్డ్ హెవిట్ మొదలైనవాళ్ళ పేర్లతో పాటు సుబ్బారావు పేరూ ఉంది. అదే ఏడాది పోర్టోరికోలో మనుషులకి ఇచ్చి చూశారు. మందు పేరు డైఈథైల్ కార్బమజైన్. పలకలేనివాళ్ళకి డీఈసీ. లెడర్లీ పెట్టిన పేరు హెట్రజాన్. మన మందుల షాపుల్లో బానోసైడ్. ఈసినోఫీలియా దగ్గుకి ఆ మాత్ర మింగిన ఇళ్ళు ఆంధ్రదేశంలో కొల్లలు, దాన్ని కనిపెట్టిన బృందానికి పెద్ద భీమవరం వాడని తెలిసిన ఇళ్ళు తక్కువ. సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, నిద్రలో పోయాడు. అమెరికా వెళ్ళాక మళ్ళీ ఇటు రానేలేదు.

మాత్ర ముందు వచ్చింది, పథకం 1955లో వచ్చింది. ఒరిస్సాలో కొన్నేళ్ళు నమూనాగా నడిపి చూశాక జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఊరందరికీ డీఈసీ ఇవ్వాలి, ఇళ్ళలో దోమల మందు కొట్టాలి. కాగితం మీద ఇంతకన్నా తేలికైన పని లేదు.

రెండూ బెడిసికొట్టాయి. దోమ మందుకి లొంగడం మానేసింది. మాత్రది ఇంకో తమాషా. ఒంట్లో పురుగు లేనివాడు మింగితే ఏమీ కాదు. పురుగున్నవాడు మింగితే రక్తంలో వేల కొద్దీ పిల్లలు ఒక్కసారి చస్తాయి, ఆ చెత్తకి ఒళ్ళు ఎదురు తిరిగి జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు. ఒక రోజో రెండు రోజులో ఉండి పోతాయి, నిజానికి అది మందు పనిచేసిందనడానికి గుర్తు. కానీ ఊళ్ళో చూసేవాళ్ళకి ఎలా కనిపిస్తుంది? రాత్రి నిక్షేపంగా ఉన్న మనిషి గవర్నమెంటు మాత్ర వేసుకుని పొద్దున్నే దుప్పటి కప్పుకున్నాడు. పురుగులెక్కువున్న వీధిలోనే ఈ దుప్పట్లూ ఎక్కువ. ఎక్కడ మందు అత్యవసరమో అక్కడే జనం తలుపులు వేసుకున్నారు. 1960, 61ల్లో అంచనా కమిటీ కూర్చుని, జనానికంతటికీ మాత్రలు పంచడం ఆపండి, పట్టణాల్లో దోమ పిల్లల్ని చంపండి, రక్తంలో పురుగు దొరికినవాళ్ళకే మందివ్వండి అని తేల్చింది. పలక మీద పురుగు కనిపించినవాడిని వెతుక్కుంటూ వెళ్ళి, కిలో బరువుకి ఆరు మిల్లీగ్రాముల లెక్కన 12 రోజులు మింగించడం దశాబ్దాల పాటు సాగింది. మన పెద్దాయన అరుగు మీద నిద్ర పాడైంది ఆ రోజుల్లోనే.

పట్టణాల్లోనే ఎందుకు? డెల్టాలో దోమలంటే అందరూ వరిచేల వైపు వేలు చూపిస్తారు. చేలో నీళ్ళలో పుట్టే క్యూలెక్స్ జాతులు వేరు, అవి మెదడువాపుని మోయగలవు. చికున్‌గన్యా, డెంగీలు మోసే ఏడిస్ దోమకి ఇంట్లో తొట్టెలో మంచినీళ్ళు కావాలి, అది పగలే కుడుతుంది. కాకినాడ, రాజమండ్రి దాని దెబ్బ 1965లోనే తిన్నాయి. బోదకాలు దోమ క్యూలెక్స్ క్వింక్విఫాసియేటస్. దానికి మురుగే మాగాణి. పెరట్లో బావి చపటా పక్కన నీళ్ళు ఇంకే గుంట, వీధి కాలవలో కొబ్బరి పీచు అడ్డంపడి నిలిచిన నల్లనీళ్ళు, మూత పగిలిన సెప్టిక్ ట్యాంకు, దాని గాలిగొట్టం చివర జాలీ లేని కంత. పెద్దవాన పడితే కాలవలు కడుక్కుపోయి ఈ దోమ తగ్గుతుంది. వానలు ఆగాక, చలికాలం పొడుగునా విజృంభిస్తుంది. ఎండాకాలం కాలవలు కట్టేశాక ఊరి మురుగు కోడుల్లో గుర్రపుడెక్క కింద మిగిలిన బురదనీళ్ళు మళ్ళీ దానికి పండగ. జబ్బు చేలల్లోంచి రాలేదు, పంట డబ్బుతో పెరిగిన ఊళ్ళ వెనకవీధుల్లోంచి వచ్చింది. మిల్లులు, మార్కెట్లు, మేడలు లేచాయి, మురుగుకాలవ అక్కడే ఆగిపోయింది.

మురుగు మీద నూనె చల్లేవాళ్ళు డబ్బా భుజాన వేసుకుని వారానికోసారి తిరిగేవారు. నూనె పొర కింద దోమ పిల్లకి ఊపిరాడదు. తర్వాత ఫెంథియాన్, టెమిఫాస్ వంటి మందులొచ్చాయి. బావుల్లోకి గంబూషియా అనే చిట్టి చేపని వదిలారు. దాన్ని 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. బొచ్చె, శీలావతి లారీల లెక్కన ఎగుమతి చేసే భీమవరంలో ఎవరూ వండుకోని, వేలెడు పొడవైనా లేని ఈ చేప తినేది దోమ పిల్లల్ని. దానికీ ఒక చాదస్తం ఉంది, మరీ కుళ్ళిన మురుగులో బతకలేదు. బోదకాలు దోమకి ప్రాణమైనచోట చేపకి ప్రాణం పోతుంది.

నలభై ఏళ్ళ తర్వాత మాత్ర మళ్ళీ ఊరందరి చేతికీ వచ్చింది. ఈసారి రోజుల తరబడి కాదు, ఏడాదికి ఒక్కరోజు. 1990ల్లో కొన్ని జిల్లాల్లో చూసి, 2004 నుంచి దేశంలోని ఫైలేరియా జిల్లాల్లో మొదలెట్టారు. 2007 నుంచి నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ జతచేశారు. రెండు నుంచి అయిదేళ్ళ దాకా డీఈసీ ఒకటి, ఆరు నుంచి పద్నాలుగు దాకా రెండు, ఆ పైన మూడు. గర్భిణులకీ, రెండేళ్ళలోపు పసివాళ్ళకీ, మంచాన పడ్డవాళ్ళకీ వద్దు. పరగడుపున కూడదు. పెద్దపురుగు ఈ మాత్రతో అంత తేలిగ్గా చావదు. కానీ దాని ఆయువు నాలుగైదేళ్ళు కాబట్టి అన్నేళ్ళు వరసగా పిల్లల్ని తుడిచేస్తూ పోతే దోమకి మోయడానికేమీ మిగలదు. మొత్తం జనాభాలో నూటికి అరవై అయిదు మందైనా మింగాలని లెక్క.

‘మింగాలని’ అన్న మాట దగ్గరే తంటా. పంచడం వేరు, మింగించడం వేరు. ఇంటికెన్ని మాత్రలిచ్చారో రిజిస్టరు చెబుతుంది, అవి టీవీ వెనకో దేవుడి గూట్లోనో ఎన్ని పడున్నాయో చెప్పదు. ‘‘మాకు కాళ్ళు బాగానే ఉన్నాయి కదమ్మా, మాకెందుకు?’’ అనేది ఆశా కార్యకర్తకి అన్ని గుమ్మాల్లోనూ ఎదురయ్యే మాట. మంచి కాళ్ళున్నవాడి రక్తంలోనే పురుగు పిల్లలు ఎక్కువగా దొరుకుతాయని, బోదకాలు ముదిరినవాడి రక్తంలో అసలు కనపడకపోవచ్చని ఆమె గుమ్మంలో నిలబడి చెప్పాలి. చదువుకున్న ఇళ్ళలో ఇది మరీ కష్టం. పూరింటివాళ్ళు ఆమె ఎదుటే గ్లాసుతో నీళ్ళు పట్టుకొస్తారు, మేడమీది వాళ్ళు ‘‘అక్కడ పెట్టి వెళ్ళండి’’ అంటారు. దేశం 2015కి ఈ జబ్బుని తరిమేస్తానంది, గడువు జరుగుతూ వచ్చి ఇప్పుడు 2027 దగ్గర నిలిచింది.

ముదిరిపోయిన కాలిని మాత్ర వెనక్కి తేలేదు. ఆ కాలికి కావలసింది సబ్బు, మంచినీళ్ళు, మెత్తటి గుడ్డ, ఓపిక. వేళ్ళ మధ్య పగుళ్ళలోంచి సూక్ష్మజీవులు దూరినప్పుడే ఆ పాత జ్వరం తిరగబెట్టేది. రోజూ కడిగి, తడి లేకుండా అద్ది, పగుళ్ళకి మందు రాసి, పడుకునేటప్పుడు కాలు ఎత్తులో పెట్టుకుంటే జ్వరాలు తగ్గిపోతాయి. అమావాస్యలూ పున్నాలూ వాటంతటవి పోతాయి. రెండు కాళ్ళూ నాలుగో దశకి చేరినవాళ్ళకి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 నుంచి నెలకి 5,000 రూపాయల పింఛను ఇస్తూ వచ్చి, 2024లో దాన్ని 10,000 చేసింది. ఆ పింఛను అందుకునే కాళ్ళు చాలామటుకు నూనె డబ్బాల రోజుల్లో కుట్లు తిన్నవి.

మాత్రల పంపకం ఏ జిల్లాలోనైనా ఆపవచ్చా లేదా అని తేల్చే పరీక్ష ఇప్పుడు ఒకటో రెండో తరగతి గదిలో జరుగుతుంది. ఆరేడేళ్ళ పిల్లలు, అంటే మాత్రల కాలంలోనే పుట్టినవాళ్ళు. వాళ్ళ ఒంట్లో పురుగు ఛాయ ఉంటే దోమ ఇంకా పనిలో ఉన్నట్టే. వెతికేది పెద్దపురుగు రక్తంలోకి వదిలే పదార్థాన్ని కాబట్టి దానికి రాత్రీ పగలూ తేడా లేదు. ప్రార్థన అయ్యాక పిల్లలు వరసలో కూర్చుంటారు. వేలు గుచ్చి, సన్నటి గొట్టంతో 75 మైక్రోలీటర్లు తీసి పట్టీ మీద వదిలి, గడియారం చూస్తారు. సరిగ్గా పది నిమిషాలకి చదవాలి, ఆలస్యమైతే లేని గీత ఉన్నట్టు కనపడొచ్చు. ఒక గీత వస్తే పరీక్ష సరిగ్గా జరిగిందని. రెండు వస్తే ఆ పిల్లవాడి ఇంటి చిరునామా రాసుకుంటారు. వేలికి దూది నొక్కుకుని కూర్చున్న పిల్లలకి ఆ పది నిమిషాలూ పాఠం లేనందుకు సంతోషం.